పిల్లల కథల్లో ఆడపిల్ల ధైర్యం: ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్‌ని చదివాక కొన్ని మాటలు

#1 రెండుజడలు

అందరికీ నమస్తే. ఆదివారం పిల్లల పేజీలకి కథలు రాస్తుంటాను. మార్చి 8 దగ్గర పడుతోందంటే చాలు, "ధైర్యమున్న ఆడపిల్ల కథ ఒకటి పంపండి మేడమ్" అని ఫోన్లు మొదలవుతాయి. ఎవరు రాసినా కథ ఒకటే. అమ్మాయి కరాటే నేర్చుకుంటుంది, బస్టాండులో గొలుసు దొంగని పట్టిస్తుంది, ఎస్సైగారు వచ్చి శాలువా కప్పుతారు. చదివిన పిల్లకి శాలువా తప్ప ఇంకేం గుర్తుండదు.

ఈమధ్య ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్ పుస్తకాలూ, ఆవిడ జీవితమూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. స్వీడన్ రచయిత్రి. 1907లో స్మాలాండ్ ప్రాంతంలో విమ్మర్‌బి అనే చిన్న పట్నం పక్కన రైతు ఇంట్లో పుట్టింది, 2002లో పోయింది. పిప్పి లాంగ్‌స్టాకింగ్ అంటే కొందరికి తెలియొచ్చు. ఎర్రజుట్టు, అడ్డంగా నిలబడిపోయే రెండు జడలు (నా పేరు అక్కడి నుంచి తెచ్చుకున్నది కాదు, చిన్నప్పటి ఫోటోలోది), తొమ్మిదేళ్ళ పిల్ల. పాత ఇంట్లో ఒక కోతి, ఒక గుర్రం తోడుగా ఒక్కతే ఉంటుంది. గుర్రాన్ని ఎత్తి వరండాలోంచి కిందికి దింపుతుంది.

నాకు నచ్చింది ఆ పిల్ల పుట్టిన తీరు. 1941లో లిండ్‌గ్రెన్ కూతురు కారిన్ నిమోనియాతో మంచం మీద ఉంది. పిప్పి అనే పేరు అప్పటికప్పుడు తనే కల్పించి, దాని కథ చెప్పమని తల్లిని అడిగింది. పేరే అంత విడ్డూరంగా ఉంటే పిల్ల ఎలా ఉండాలి అనుకుని ఆవిడ మొదలెట్టింది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి కథ నోటిమీదే నడిచింది. 1944 మార్చిలో మంచు మీద జారి కాలు బెణికి ఆవిడే మంచాన పడితే, అప్పుడు షార్ట్‌హ్యాండులో రాసుకుంది. మే నెలలో కారిన్ పదో పుట్టినరోజుకి టైపు చేసి ఇచ్చింది.

అంటే అచ్చు కాకముందే ఆ కథకి ఎదురుగా ఊఁ కొట్టే పిల్ల ఒకతి ఉంది. బోరు కొడితే గోడవైపు తిరిగి పడుకుంటుంది. మనం ఎడిటర్ల కోసం రాస్తాం, ఎడిటర్లు అమ్మానాన్నల కోసం వేస్తారు. మధ్యలో పిల్ల ఎక్కడుందో ఎవరికీ తెలీదు.

మీ ఇళ్ళలో, మీ బళ్ళలో ఆడపిల్లలకి ఏ కథలో పిల్ల గుర్తుండిపోయిందో చెప్పండి. నీతి గురించి కాదు, పిల్ల గురించి.

#2 పాతచందమామ

అమ్మా, మంచి విషయం ఎత్తారు. అయితే స్వీడన్ దాకా వెళ్ళేముందు మన పెరట్లో కూడా ఓసారి చూడండి. 1947 జులైలో చందమామ మొదలైంది మొదలు తెలివైన కోడళ్ళు, రాజుగారి పొడుపుకథ విప్పిన పేదింటి కూతుళ్ళు ఎంతమంది! పేదరాశి పెద్దమ్మ సంగతేంటి? రాకుమారుడంతటి వాడు ఊళ్ళోకి రాగానే ఆవిడ అరుగెక్కాలి. అన్నం ఆవిడదే, సలహా ఆవిడదే. మొగుడి ఊసే లేదు. సొంత వ్యాపారం చేసుకునే ఆడమనిషి మన కథల్లో ఎప్పటినుంచో ఉంది.

కానీ మీరడిగింది చిన్నపిల్ల గురించి కదా. అక్కడ కాస్త తడుముకోవాల్సిందే. పెళ్ళీడు దాకా మన కథల్లో ఆడపిల్ల కనిపించదు, కనిపించాక తెలివి చూపించి రాజుని పెళ్ళాడుతుంది. అల్లరి చేసే పిల్లల్లో మనకున్న పెద్ద పీట ముళ్ళపూడి వారి బుడుగుది. పక్కింట్లో సీగానపెసూనాంబ ఉంది, నాకు ప్రాణం, కానీ పుస్తకం మాత్రం బుడుగుది.

#3 కారప్పూస

నాకో డౌటు. పిప్పి దగ్గర పెట్టెడు బంగారు నాణాలున్నాయి. నాన్న ఓడ కెప్టెను, ఎక్కడో సముద్రం మీద. అమ్మ లేదు. ఎందుకెళ్ళావు, ఎప్పుడొస్తావు అని అడిగే మనిషి లేరు. పైగా గుర్రాన్నెత్తే బలం. ఇన్నుంటే ఎవరికుండదండీ ధైర్యం?

మా మేనకోడలు ఇంటర్. ట్యూషన్ అయ్యాక పది నిమిషాలు ఆలస్యమైతే ఇంట్లోంచి ఫోను మీద ఫోను. దాని చేతిలో పిప్పి పెడితే "బాగుంది మావయ్యా, మరి నాణాలేవి?" అంటుంది.

ఇంకోటి. ఆ నాన్నగారు తుఫానులో ఓడ మీంచి సముద్రంలో పడి ఏదో దీవికి కొట్టుకుపోతే అక్కడి నల్లవాళ్ళు వెంటనే కిరీటం పెట్టేశారట. దీని గురించి ఎవరూ మాట్లాడరేం?

#4 ఉత్తరధ్రువం

స్టాక్‌హోమ్ నుంచి. ఇక్కడ పిప్పిని తప్పించుకుని బతకలేం. 2015 నుంచి 20 క్రోనర్ల నోటు మీద లిండ్‌గ్రెనే. పక్కన పిప్పి కూడా ఉంటుంది. మా చిన్నదాని డేకేర్‌లో వేషాల రోజున జడల్లో వైరు దూర్చుకుని వచ్చిన పిప్పీలే సగం.

@కారప్పూస గారూ, కిరీటం సంగతి మాట్లాడకేం, ఇక్కడ బోలెడు గొడవైంది. 2015 స్వీడిష్ ప్రచురణలో నల్లవాళ్ళని అనే పాత మాట తీసేసి "దక్షిణ సముద్రపు రాజు" అని పెట్టారు. మాట మారింది. తెల్లాయన వెళ్ళగానే రాజవడం మారలేదు కదా, అది కథలోనే ఉంది. మా పెద్దదానికి చదివేటప్పుడు అక్కడ ఆగాం. "వాళ్ళకి వాళ్ళ రాజు ముందే లేడా?" అని అదే అడిగింది.

నాణాల మాట మాత్రం నిజం. దాన్ని కాదనలేను.

#5 బడిగంట

నేను కస్తూర్బా విద్యాలయంల టీచర్‌ని, కరీంనగర్ దిక్కు. మా పిల్లలు ఎక్కువమంది అమ్మానాయన వలసపోయినోళ్ళు, కొందరికి ఒక్కరే ఉన్నరు. రాత్రి స్టడీ అవర్ అయినంక ఇంగ్లీషు పుస్తకం ముంగట పెట్టుకొని పిప్పి కథ మన మాటల్ల చెప్పిన.

గుర్రం ఎత్తుడు వాళ్ళకు పెద్ద లెక్కల పడలే. వాళ్ళడిగినయి వేరే. "టీచర్, ఆమెకు రాత్రి భయం కాదా?" "అన్నం ఎవరొండుతరు?" "జరమొస్తే?" పుస్తకంల పిప్పి తనను తనే పండుకోమని చెప్పుకుంటది, ముందు మంచిగ, ఇనకుంటే గట్టిగ, అప్పటికీ ఇనకుంటే దెబ్బలే అని. ఆ ముక్క చెప్పంగనే మా ఏడో తరగతి పిల్ల ఒకామె, "నేను గూడ గట్లనే చెప్పుకుంట టీచర్" అన్నది. హాస్టల్‌కు కొత్తగ వచ్చిన పిల్ల ఆమె.

కారప్పూస అన్నా, నాణాలు లేనోళ్ళు గూడ ఆ పిల్లల తమను చూసుకుంటున్నరు. ఎక్కడ చూసుకుంటున్నరో మనకు ముందుగాల తెల్వది.

బడి సీను చెప్పితే మాత్రం పడిపడి నవ్విండ్రు. టీచరమ్మ ఏడూ ఐదూ ఎంత అంటే, నీకు తెల్వకుంటే నన్ను చెప్పమంటవా అంటది గద. మరునాడు లెక్కల సార్‌కు అదే జవాబు ఇచ్చిండ్రు. సార్ నా దిక్కు చూసిండు.

#6 రెండుజడలు

@బడిగంట అక్కా, లెక్కల సార్‌కి నా తరఫున క్షమాపణలు :)

కారప్పూస గారి ప్రశ్నకి జవాబు లిండ్‌గ్రెనే ఇచ్చింది, 1981లో. అప్పటికి ఆవిడకి డెబ్బై దాటాయి. పుస్తకం పేరు "రోన్యా, దొంగల కూతురు". ఈ పిల్లకి అమ్మా ఉంది, నాన్నా ఉన్నాడు. నాన్న మాతిస్ దొంగల నాయకుడు, కూతురంటే పిచ్చి ప్రేమ, అంతకంటే పిచ్చి భయం. బంగారం ఆమె చేతికి ఎవరూ ఇవ్వలేదు, ఎత్తడానికి గుర్రం లేదు. కోట చుట్టూ అడవి.

మొదటిసారి అడవికి పంపేరోజు మాతిస్ జాగ్రత్తల చిట్టా విప్పుతాడు. దారి తప్పకు. తప్పితే? సరైన దారి వెతుక్కో. నదిలో పడకు. పడితే? ఈత కొట్టు. కోటని రెండుగా చీల్చిన పెద్ద అగాధంలో పడకు. పడితే? ఇంక నువ్వేం చెయ్యక్కర్లేదు.

తర్వాత రోన్యా చేసే పని చూడండి. నదిలో పడకుండా జాగ్రత్తగా ఉండమన్నారు కదా, జాగ్రత్త నేర్చుకోవాలంటే నది దగ్గరే నేర్చుకోవాలని, నీళ్ళు హోరెత్తే చోటికి వెళ్ళి పాచిపట్టిన రాళ్ళ మీద ఒకదాని మీంచి ఒకదాని మీదికి గెంతుతుంది. నాన్న మాట జవదాటలేదు. అక్షరాలా పాటించింది. పాటించిన తీరు తెలిస్తే నాన్న గుండె ఆగుతుంది.

ఇలాంటి సీను రాయడం ఎంత కష్టమో రాసేవాళ్ళకి తెలుస్తుంది. "రోన్యా ధైర్యవంతురాలు" అనే మాట ఎక్కడా అక్కర్లేదు. ఎవరూ చూడట్లేదు, చప్పట్లు లేవు, శాలువా లేదు. రాళ్ళు జారుతున్నాయి, పిల్ల ఆనందంగా ఉంది.

నేను ఒక కథలో ఏడేళ్ళ పిల్లని చెరువు గట్టు మీద ఒంటరిగా నడిపించాను. "పక్కన తాతయ్యని పెట్టండి మేడమ్, తల్లిదండ్రులు ఫోన్లు చేస్తారు" అని తిరిగొచ్చింది. తాతయ్యని పెట్టాను. కథ చచ్చిపోయింది. గట్టు మీద పిల్ల కనిపెట్టినవన్నీ ఇప్పుడు తాతయ్య చెప్తున్నాడు.

#7 కారప్పూస

రోన్యా సంగతి బాగుంది, అది ఒప్పుకుంటా. కానీ ఎడిటరుని కూడా ఊరికే తిట్టకండి. గట్టు మీద నడిచిన పిల్ల కథ చదివి ఒక పిల్ల నిజంగా చెరువుకి వెళ్తే ఆ ఫోను ఎత్తేది ఆయనే. స్వీడన్ అడవి వేరు, మా ఊరి చెరువు వేరు. పూడిక తీసిన గుంటలు ఎక్కడున్నాయో పెద్దవాళ్ళకే తెలీదు.

ఇంతకీ ఆ లిండ్‌గ్రెన్ గారు ఇవన్నీ ఎంత హాయిగా కూర్చుని రాసిందో? స్వీడన్‌లో పుట్టినవాళ్ళకేం లెండి.

#8 ఉత్తరధ్రువం

హాయిగానా! ఆవిడకి 18 ఏళ్ళప్పుడు ఊళ్ళో పత్రికాఫీసులో పనిచేస్తూ గర్భవతి అయింది. ఆ పత్రిక ఎడిటరే కారణం, పెళ్ళయి పిల్లలున్నవాడు. ఆయన్ని పెళ్ళాడనని చెప్పి ఊరొదిలి స్టాక్‌హోమ్ వచ్చేసి, షార్ట్‌హ్యాండూ టైపూ నేర్చుకుంది. కాన్పు కోసం డెన్మార్క్ వెళ్ళాల్సొచ్చింది. 1926 డిసెంబరులో కోపెన్‌హేగెన్‌లో కొడుకు లార్స్ పుట్టాడు, అక్కడే ఒక పెంపుడు తల్లి దగ్గర వదిలి రావలసి వచ్చింది. డబ్బులు కూడబెట్టుకుని రైలెక్కి చూసొచ్చేది. 1930లో గానీ పిల్లాణ్ణి తెచ్చుకోలేకపోయింది. ఆవిడ పుస్తకాల్లో ఒంటరి పిల్లలు అంతమంది ఎందుకున్నారో వేరే చెప్పక్కర్లేదు.

పిప్పి అచ్చవడం కూడా నల్లేరు మీద నడక కాదు. మొదట బోన్నియర్స్‌కి పంపింది, ఇక్కడ అతిపెద్ద ప్రచురణ సంస్థ. "పిల్లల సంక్షేమ మండలికి కబురు పెట్టరనే ఆశతో" అని ఉత్తరంలో తనే చమత్కరించింది. వాళ్ళు వద్దన్నారు. తర్వాత కాస్త సరిదిద్ది రాబెన్ అండ్ షోగ్రెన్ అనే ఇంకో ప్రచురణ సంస్థ పెట్టిన పోటీకి పంపితే 1945లో మొదటి బహుమతి. మరుసటి ఏడాది ఒక ప్రొఫెసరుగారు పేపర్లో దులిపేశారు. మామూలు పిల్ల ఎవరూ విందులో కేకంతా ఒక్కతే తినదని ఆయన బాధ.

ఫ్రాన్సులో ఇంకా తమాషా. గుర్రాన్ని ఎత్తడం మా పిల్లలు నమ్మరని పోనీ గుర్రం చేశారు. ఫ్రెంచి పిల్ల పోనీని ఎత్తుతున్న ఫోటో ఒకటి పంపమని ఈవిడ అడిగిందట.

#9 వేపచెట్టు

కొత్త సభ్యుణ్ణి, విజయవాడ. మా ఆఫీసులో ఒక పోస్టరు ఉంటుంది: "ఇది నేనెప్పుడూ చెయ్యలేదు, కాబట్టి తప్పకుండా చెయ్యగలను" అని, కింద పిప్పి లాంగ్‌స్టాకింగ్ అని. నాకు తెలిసిన పిప్పి అంతే.

మా పాపకి ఆరేళ్ళు. అసలే మొండి. "ఎందుకు" అనకుండా పాలు కూడా తాగదు. మా అమ్మ అంటుంది, ఇలాంటి పుస్తకాలు కూడా ఇచ్చావంటే ఇంక దాన్ని పట్టలేం అని. నిజంగా ఇవి చదివితే పిల్లలు చెడిపోతారా? వెటకారంగా అడగట్లేదు, తెలుసుకుందామనే.

#10 ఉత్తరధ్రువం

@వేపచెట్టు గారూ, ఆ పోస్టరు వాక్యం పిప్పి పుస్తకాల్లో ఎక్కడా లేదు. లిండ్‌గ్రెన్ రాయలేదని ఇక్కడివాళ్ళు చెప్పీ చెప్పీ అలిసిపోయారు, అయినా కప్పుల మీదా టీషర్టుల మీదా వస్తూనే ఉంది. అసలు పిప్పి అలాంటి ఉపదేశాలు చెయ్యదు. వెనక్కి నడుస్తుంది. ఎందుకంటే ఈజిప్టులో అందరూ ఇలాగే నడుస్తారంటుంది. అబద్ధమాడటం తప్పు కదా అని పక్కింటి పిల్ల అన్నిక అంటే, అవును తప్పే అని ఒప్పేసుకుంటుంది. అమ్మ స్వర్గంలో, నాన్న ఎక్కడో దీవికి రాజుగా ఉండి, తనేమో పుట్టిందగ్గర్నుంచీ సముద్రం మీద తిరిగిన పిల్ల ఎప్పుడూ నిజమే చెప్పాలంటే ఎలా అని మళ్ళీ తనే అడుగుతుంది. దీన్ని ఏ కంపెనీ గోడ మీద పెడుతుంది?

#11 పాతచందమామ

వేపచెట్టు నాయనా, "ఎందుకు" అనే పిల్ల గురించి భయపడకు. 1923లో కాకినాడ కాంగ్రెస్ మహాసభలప్పుడు పక్కనే ఖద్దరు ప్రదర్శన పెట్టారు. గేటు దగ్గర వాలంటీరుగా రాజమండ్రి పిల్ల ఒకతి, పద్నాలుగేళ్ళది. టికెట్టు లేనివాళ్ళని వదలొద్దని చెప్పారామెకి. జవహర్‌లాల్ నెహ్రూ వచ్చాడు. టికెట్టు లేదు. వదల్లేదు. నిర్వాహకులు పరిగెత్తుకొచ్చి కేకలేశారు, మీరు చెప్పిందే చేస్తున్నానంది. చివరికి టికెట్టు కొని తెచ్చాకే లోపలికి పంపింది. ఆ పిల్లే తర్వాత దుర్గాబాయి దేశ్‌ముఖ్.

చిత్రమేమిటంటే మీ రోన్యా కూడా ఇదే పని చేసింది కదా, పెద్దవాళ్ళు చెప్పింది చెప్పినట్టు చేసి వాళ్ళకే ముచ్చెమటలు పట్టించింది. ఈ సంఘటన మన పాఠాల్లో "విధి నిర్వహణ" అనే శీర్షిక కింద పడి ఎండిపోయింది. రెండుజడలు గారూ, మీరు రాస్తే చదవాలని ఉంది. ఆ గేటు దగ్గర పిల్లకి కాళ్ళు వణికాయా లేదా?

#12 బడిగంట

పిల్లలు చెడిపోతరా అని అడిగిండ్రు గద. లిండ్‌గ్రెన్ 1978ల ఫ్రాంక్‌ఫర్ట్‌ల జర్మన్ పుస్తక వ్యాపారులిచ్చే శాంతి బహుమతి తీసుకున్నప్పుడు ఒక ముచ్చట చెప్పింది. ఉపన్యాసం లేకుండ తీసుకొని పొమ్మంటే, ఉపన్యాసం లేకుంటే నేనే రాను అన్నదట. ఆ ముచ్చట ఏందంటే, ఒక తల్లి కొడుకును కొట్టాలనుకొని, పోయి బెత్తం తెంపుకరా అని వాణ్ణే పంపింది. పోరడు ఎంతసేపటికీ రాడు. ఏడ్చుకుంట వచ్చి, బెత్తం దొరకలే అమ్మా, ఇగో రాయి తెచ్చిన, దీనితోని కొట్టు అన్నడు. తల్లికి అప్పుడు సమజైంది. రాయిని వంటింట్ల షెల్ఫ్ మీద పెట్టుకున్నది.

మరుసటేడు, 1979ల, పిల్లలను ఇంట్ల గూడ కొట్టొద్దని స్వీడన్ చట్టం చేసింది, ప్రపంచంల మొదటిది. మన దగ్గర 2009 విద్యాహక్కు చట్టంల బడిల కొట్టుడు బంద్ అని ఉన్నది. ఇంటి సంగతి లేదు. స్టాఫ్‌రూంల మాత్రం ఇప్పటికీ "భయం ఉండాలె మేడం" అంటరు. మొగపిల్లలకు దెబ్బల భయం, ఆడపిల్లలకు మాటల భయం. మానసిక వేధింపు వద్దని గూడ ఆ చట్టంల ఉన్నది, కని మాటల భయాన్ని ఎవరూ పట్టించుకోరు.

మొండి పిల్లలు నా క్లాసుల మస్తుమంది. వాళ్ళతోని కష్టమే, అబద్ధం చెప్ప. కని నాకు నిద్ర పట్టనిచ్చేది వాళ్ళు కాదు, ఏది అడిగినా తల ఊపే పిల్లలు.

#13 కారప్పూస

బడిగంట అక్కా, "నిద్ర పట్టనివ్వనిది" అని రాయబోయారనుకుంటా. అర్థమైంది లెండి. చివరి లైను రెండుసార్లు చదివాను.

#14 రెండుజడలు

@వేపచెట్టు గారూ, ఆరేళ్ళకి దొంగల అధ్యాయంతో మొదలెట్టండి. రాత్రిపూట ఇద్దరు దొంగలు నాణాల పెట్టె కోసం వస్తారు. పిప్పి వాళ్ళని ఓ ఆట ఆడిస్తుంది, ఒకడి చేత దువ్వెన మీద పాట వాయింపించి ఇంకొకడితో డాన్సు చేస్తుంది. వాళ్ళు అలిసిపోయాక అన్నం పెట్టి, పొయ్యేటప్పుడు చెరో బంగారు నాణెం చేతిలో పెడుతుంది, మీరు కష్టపడి సంపాదించుకున్నారని. అంత బలం ఉండి కూడా ఎవరి మీదా కసి లేదు. మన కరాటే కథల్లో దొంగ మొహం పగలాల్సిందే.

ఇంకోటి మీ అమ్మగారికి చెప్పండి. 1944లో కారిన్‌కి ఇచ్చిన మొదటి పిప్పి ఇంకా పెంకె. ఆ ప్రతి 2007లో, ఆవిడ శతజయంతి ఏడు, అచ్చయింది. పోటీకి పంపేముందు ఆవిడే చాలాచోట్ల తగ్గించింది. పెంకితనం ఎంత ఉండాలో తూచి చూసుకుంది. తర్వాత పాతికేళ్ళు పిప్పిని వేసిన రాబెన్ అండ్ షోగ్రెన్‌లోనే పిల్లల పుస్తకాల ఎడిటరుగా కూర్చుంది కూడా. పొద్దున ఇంట్లో సొంత రాతలు, మధ్యాహ్నం ఆఫీసులో ఇతరుల రాతలు. కాబట్టి కారప్పూస గారూ, ఎడిటర్లందరినీ తిట్టను, ఆ తాతయ్య వరకే నా తగువు.

పాతచందమామ గారూ, గేటు కథ మొదలుపెట్టాను. కాళ్ళు వణికాయి. గేటు మీద చెయ్యి మాత్రం తియ్యలేదు. అక్కడే ఆగింది. నెహ్రూ మెచ్చుకోవడం దాకా రాయాలా వద్దా తేల్చుకోలేకపోతున్నా. మెచ్చుకోలు వచ్చిందంటే మళ్ళీ అది శాలువానే.

#15 పాతచందమామ

టికెట్టు చేతికొచ్చాక చించి సగం తిరిగివ్వనివ్వండి. అక్కడ ఆపండి.

#16 వేపచెట్టు

దొంగల అధ్యాయం రాత్రి చదివాను. ఇంగ్లీషులోంచి అప్పటికప్పుడు తెలుగులో చెప్పడం అనుకున్నంత తేలిక కాదు. మా అమ్మ కూడా పక్కనే కూర్చుని విన్నది, దొంగలకి అన్నం పెట్టడం ఆవిడకి నచ్చింది. పాపకి మాత్రం ఇవేవీ పట్టలేదు. గుర్రం వరండాలో ఉంటే లద్ది ఎవరెత్తుతారు అని పట్టుకుంది. పుస్తకంలో ఎక్కడైనా ఉందా? ఈ రాత్రికి జవాబు కావాలి.

#17 బడిగంట

మా పిల్లలు గూడ అదే అడిగిండ్రు. పిప్పే ఎత్తుతది అని చెప్పిన.